ఎర్ర సిరాతో ‘ఇన్‌కంప్లీట్’: ఏడీహెచ్‌డీ ఉన్న ఏడో తరగతి అమ్మాయికి స్కూల్ సపోర్ట్ ప్లాన్

సోషల్ నోట్‌బుక్ తెరవగానే కంటికి కనిపించేది దస్తూరి. గుండ్రంగా, పొందికగా, మార్జిన్ దాటకుండా ఉంటుంది. పైన తేదీ, దాని కింద పాఠం పేరు, పేరు కింద స్కేలుతో కొట్టిన రెండు గీతలు. మొదటి మూడు లైన్లు పూర్తిగా ఉంటాయి. నాలుగో లైన్లో ఇంగ్లిష్ వాక్యం సగంలోనే, క్రియ రాకముందే ఆగిపోతుంది. ఆ కింద ముప్పావు పేజీ తెల్లగా ఉంటుంది. పక్క పేజీలో ఇంకో తేదీ, మళ్లీ రెండు గీతలు, మళ్లీ మూడు లైన్లు. రెండు వారాల్లో రాయించిన 14 పేజీల్లో చివరిదాకా ఉన్నవి 3. మిగతా 11 పేజీల అడుగున ఎర్ర సిరాతో ఒకటే మాట: ఇన్‌కంప్లీట్.

అమ్మాయికి 12 ఏళ్లు, ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, కుదురులేనితనం, తొందరపాటు లక్షణాలుగా ఉండే సమస్య) ఉంది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సీబీఎస్ఈ స్కూల్లో ఏడో తరగతి, సెక్షన్‌లో 38 మంది. ఒక మాట ముందే చెప్పాలి: ఇది ఒక్క పిల్ల ఫైలు కాదు. ఒకే తీరున నడిచిన కేసులను ఒకటిగా కలిపి, గుర్తుపట్టే వివరాలు తీసేసి రాసినది. అంకెలు కూడా ఆ కలిపిన కేసువే. కొలిచే పద్ధతి చూపించడానికి ఇచ్చినవి.

క్లాసులో అల్లరి లేదు, ఎవరితో గొడవ లేదు. అందుకే ఆరో తరగతి అయ్యేదాకా ఎవరూ కౌన్సెలర్ దగ్గరికి పంపలేదు. రిపోర్ట్ కార్డులో ఏటా ఒకే వ్యాఖ్య: ‘తెలివైనది, శ్రద్ధ పెట్టాలి.’ అమ్మ మాటల్లో అయితే, “చెప్పిన పని సగంలో వదిలేసి ఇంకేదో చేస్తూ ఉంటుంది మేడం. ఈ ఏడాది నాలుగు వాటర్ బాటిళ్లు పోగొట్టింది.” సీట్లోంచి లేచే పిల్లలు, పక్కవాళ్లను గిల్లే పిల్లలు రెండో తరగతిలోనే దొరికిపోతారు. పరధ్యానం ఒక్కటే ఉన్న అమ్మాయిలు సబ్జెక్టులు పెరిగి, గంటకో టీచరు మారి, ఎవరి నోట్సు వాళ్లే చూసుకోవాల్సి వచ్చినప్పుడు గానీ బయటపడరు.

మూడు ఫారాలు, మూడు జవాబులు

ఏడీహెచ్‌డీ లక్షణాలను లెక్కపెట్టే వాండర్‌బిల్ట్ టీచర్ ఫారం మామూలుగా క్లాస్ టీచర్ ఒక్కరి చేతే నింపిస్తారు. హైస్కూల్ పిల్లలకు అది సరిపోదు. ఇక్కడ లెక్కలు, సోషల్, హిందీ టీచర్లు ముగ్గురికీ విడివిడిగా ఇచ్చారు, ఒకరిది ఇంకొకరు చూడకుండా. ఫారంలో మొదటి 9 ప్రశ్నలు శ్రద్ధకు సంబంధించినవి, తర్వాతి 9 కుదురులేనితనానికి, తొందరపాటుకు. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 దాకా వేస్తారు. 2 గానీ 3 గానీ పడితేనే ఆ లక్షణం లెక్కలోకి వస్తుంది. 9లో 6 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చి, చివర్లో ఉన్న చదువు, ప్రవర్తన ప్రశ్నల్లో (వీటికి 1 నుంచి 5 దాకా వేస్తారు) కనీసం ఒకదానికి 4 లేదా 5 పడితే ఆ ఫారం పాజిటివ్ అయినట్టు.

శ్రద్ధ భాగంలో సోషల్ టీచర్ ఫారంలో 8 వచ్చింది, హిందీలో 7, లెక్కల్లో 3. కుదురులేనితనం మూడింటిలోనూ 2 దాటలేదు. ఇంటి ఫారంలో శ్రద్ధకు 7.

లెక్కల టీచర్ “నా క్లాసులో బాగానే ఉంటుందే” అన్నారు. అలా అనగానే మిగతా ఇద్దరూ ఎక్కువ చేసి చెబుతున్నారనో, పిల్లకు ఆ సబ్జెక్టులంటే ఇష్టం లేదనో తేల్చేయడం స్టాఫ్ రూముల్లో మామూలే. కానీ ఆ 8కీ 3కీ మధ్య తేడాలోనే పనికొచ్చే సంగతంతా ఉంది. లెక్కల టీచర్ బోర్డు మీద ఒక లెక్క చేస్తారు, వెంటనే అలాంటిదే ఇంకొకటి ఇస్తారు, బెంచీల మధ్య తిరుగుతూ చూస్తారు. పని మూడు నాలుగు నిమిషాల ముక్కలుగా వస్తుంది, చేసింది అప్పటికప్పుడు ఒకరి కంట పడుతుంది. సోషల్ పీరియడ్ 40 నిమిషాల్లో 25 నిమిషాలు నోట్సు రాయించడానికే పోతాయి. ఈ తేడాను మొదటి ప్లాన్ రాసినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

డయాగ్నోసిస్ స్కూల్ ఇచ్చేది కాదు. స్కూల్ పంపేది సమాచారం: మూడు ఫారాలు, నోట్‌బుక్ పేజీల ఫొటోలు, ఒకటో తరగతి నుంచి రిపోర్ట్ కార్డులు. పాత రిపోర్ట్ కార్డులు ఎందుకంటే, డాక్టర్లు మానసిక సమస్యలను నిర్ధారించడానికి వాడే డీఎస్ఎం-5 పుస్తకం ప్రకారం లక్షణాల్లో కొన్నయినా 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి, ఆరు నెలలుగా కొనసాగుతూ ఉండాలి, ఇల్లు, బడి లాంటి రెండు చోట్లయినా కనిపించాలి. రెండో తరగతి టీచర్ రాసిన ‘పగటి కలలు కంటుంది’ అన్న ఒక్క లైను ఇక్కడ పెద్ద సాక్ష్యం. చైల్డ్ సైకియాట్రిస్ట్ ఇచ్చింది ఏడీహెచ్‌డీ, ప్రధానంగా శ్రద్ధాలోపం ఉన్న రకం.

అంతకుముందు తోసిపుచ్చాల్సినవి కొన్ని ఉన్నాయి. చూపు, వినికిడి, నిద్ర సంగతి ఎవరికైనా తోస్తుంది. మౌనంగా ఒకే చోట చూస్తూ ఉండిపోయే పిల్లల్లో మర్చిపోకూడనిది ఆబ్సెన్స్ సీజర్. మూర్ఛలో ఇదొక రకం: పిల్ల కింద పడదు, చేస్తున్నది చటుక్కున ఆపి కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తుంది, రెప్పలు కొట్టుకోవచ్చు, తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ మొదలుపెడుతుంది. ఆ సెకన్లలో పిలిచినా తట్టినా పలకదు. పరధ్యానంలో ఉన్న పిల్ల భుజం తడితే ఉలిక్కిపడి చూస్తుంది. టీచర్లకు ఈ ఒక్క తేడా చెప్పి వారం రోజులు గమనించమంటే చాలు. అనుమానం ఉంటే న్యూరాలజిస్ట్ దగ్గరికి, ఈఈజీకి (మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష). ఈ అమ్మాయి తట్టిన ప్రతిసారీ పలికింది. అభ్యసన లోపాలను (ఎస్ఎల్‌డీ) చూసే నిమ్‌హాన్స్ పరీక్షల్లో చదవడం, లెక్కలు వయసుకు తగ్గట్టే ఉన్నాయి. రాత వేగం మాత్రం తక్కువ. ఈ సంగతి మళ్లీ చివర్లో వస్తుంది.

పనిచేయని ప్లాన్

ఆగస్టులో స్కూల్ రాసిన మొదటి ప్లాన్‌లో 11 అంశాలు ఉన్నాయి. ముందు బెంచీ, పరీక్షలో అదనపు సమయం, తక్కువ హోంవర్క్, మధ్యమధ్య విరామం, ప్రోత్సాహం, ఇలా. అమెరికాలో 504 ప్లాన్‌లకు (వైకల్యం ఉన్న పిల్లలకు స్కూల్ చేసే సర్దుబాట్ల పత్రాలకు) వాడే జాబితాలను చూసి రాసినట్టు తెలిసిపోతూనే ఉంది. ఆరు వారాల్లో నోట్‌బుక్ మారలేదు. ఎందుకు మారలేదో ఒక్కో అంశాన్నీ విప్పి చూడాల్సి వచ్చింది.

ముందు బెంచీ తలుపు పక్కన. వరండాలో నడిచే ప్రతి మనిషీ, వాటర్ కూలర్ దగ్గర మోగే ప్రతి గ్లాసూ అక్కడికి చేరతాయి. ‘తక్కువ హోంవర్క్’ అంటే ఎంతో ఎవరూ రాయలేదు; హిందీ టీచర్ సగానికి తగ్గించారు, సైన్స్ టీచర్ అసలు తగ్గించలేదు, పిల్లకు ఏ రోజు ఏది తగ్గిందో తెలియలేదు. ‘విరామం’ ఎప్పుడో రాయలేదు కాబట్టి అడిగితేనే ఇచ్చారు. ఈ పిల్ల అడగదు. బాధ్యత అన్న గడిలో ప్రతి అంశానికీ ఎదురుగా ‘టీచర్లందరూ’ అని ఉంది. అంటే ఎవరూ కాదు.

అదనపు సమయం గురించి కొంచెం విడిగా చెప్పాలి, ఎందుకంటే తల్లిదండ్రులు మొదట అడిగేది, స్కూళ్లు తేలిగ్గా ఒప్పుకునేది అదే. జులై పీరియాడిక్ టెస్టులో సోషల్ పేపరు 40 మార్కులు, 90 నిమిషాలు. అమ్మాయి రాసిన జవాబుల విలువ 22 మార్కులు, వచ్చింది 17. ఆగస్టు టెస్టుకు 30 నిమిషాలు కలిపారు. రాసింది 25 మార్కులకు, వచ్చింది 18. కలిపిన అరగంటలో మూడు మార్కుల పని జరిగింది. ఇన్విజిలేటర్‌ను అడిగితే తెలిసిందేమంటే, మొదటి 20 నిమిషాలు రెండు మార్కుల ప్రశ్న ఒకదాని దగ్గరే పోయాయి. అందరూ పేపర్లు ఇచ్చి లేచి వెళ్తుంటే ఆ చప్పుడులో చివరి అరగంట పోయింది. రాత నెమ్మదిగా ఉన్న పిల్లకు, చదవడం కష్టమైన పిల్లకు అదనపు సమయం నిజంగా సాయమే. సమయం జారిపోతున్నదని తెలియని పిల్లకు ఇంకాస్త ఇస్తే అది కూడా జారిపోతుంది. ఏడీహెచ్‌డీకి అదనపు సమయం మీద జరిగిన పరిశోధనల్లో కూడా గొప్ప ఫలితాలేమీ కనిపించలేదు.

ఇరవై నిమిషాలు వెనక బెంచీలో

దసరా సెలవులకు ముందు స్పెషల్ ఎడ్యుకేటర్ రెండు పీరియడ్‌లు వెనక కూర్చుని చూశారు. పద్ధతి తేలికే. ఫోను ప్రతి 15 సెకన్లకు ఒకసారి వైబ్రేట్ అయ్యేలా పెట్టుకుని, ఆ క్షణంలో పిల్ల పనిలో ఉంటే టిక్కు, లేకపోతే సున్నా. 20 నిమిషాలకు 80 గళ్లు. పక్కనే ఇంకో వరుసలో, మార్కుల్లో మధ్యస్థంగా ఉండే ఇంకో అమ్మాయికీ అదే లెక్క. ఈ రెండో పిల్ల లేకపోతే అంకెకు అర్థం ఉండదు: మధ్యాహ్నం భోజనం తర్వాత సోషల్ క్లాసులో 38 మందీ 80కి 80 ఉండరు.

సోషల్‌లో అమ్మాయికి 34, పోల్చిన పిల్లకు 63. లెక్కల్లో 59, 65.

సున్నాలు ఎక్కడ పడ్డాయో చూస్తే అవి చెదురుమదురుగా లేవు. బోర్డు మీదది చూసి రాసుకునేటప్పుడు గుట్టగా పడ్డాయి. తోటి పిల్ల తల ఎత్తి ఐదారు మాటలు పట్టుకుని వచ్చి రాసుకుంటోంది. ఈ అమ్మాయి రెండు మాటలకొకసారి తల ఎత్తుతోంది, ఎత్తిన ప్రతిసారీ బోర్డు మీద ఎక్కడ ఆపిందో మళ్లీ వెతుక్కుంటోంది. నాలుగో లైనుకు వచ్చేసరికి టీచర్ పదో లైనుకు చేరుకున్నారు. ఇక అందుకోలేనని తెలిశాక పెన్ను పక్కన పెట్టేసింది. ఆ తెల్లటి ముప్పావు పేజీకి కారణం అది. బద్ధకం అంటే మూడు లైన్లు కూడా ఉండేవి కావు.

రెండో గుట్ట పీరియడ్ చివరి నిమిషంలో. గంట మోగుతుండగా, అందరూ జిప్పులు లాగుతుండగా, బోర్డు మూల హోంవర్క్ పడుతుంది. డైరీ తీసేసరికి తర్వాతి టీచర్ వచ్చి బోర్డు తుడిచేస్తారు. పది పనిదినాల్లో డైరీలో హోంవర్క్ పూర్తిగా ఎక్కిన రోజులు 2. ఇంట్లో అమ్మ రోజూ రాత్రి క్లాస్ వాట్సాప్ గ్రూపులో ‘ఈ రోజు హోంవర్క్ ఏంటండీ’ అని అడుగుతున్నది ఇందుకే.

మూడోది పరీక్ష. అది పైన చెప్పినదే.

సర్టిఫికెట్ కావాల్సినవి, అక్కర్లేనివి

రెండో ప్లాన్ రాసే ముందు ప్రిన్సిపాల్ అడిగింది ఒకే ప్రశ్న: “ఇవన్నీ చేయడానికి మనకు అధికారం ఉందా? పర్మిషన్ ఎవరి దగ్గర తీసుకోవాలి?”

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. ఆటిజం ఉంది, స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ ఉంది. ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. బోర్డు పరీక్షల్లో సీబీఎస్ఈ ఇచ్చే గంటకు 20 నిమిషాల అదనపు సమయం, అంటే మూడు గంటల పేపరుకు 60 నిమిషాలు, స్క్రైబ్ (చెబితే రాసిపెట్టే మనిషి) వంటి వెసులుబాట్లు ఈ చట్టం గుర్తించిన వైకల్యాలకు, సర్టిఫికెట్ మీద. ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉన్న పిల్లలకు అక్కడ దారి ఇరుకు. 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, వైకల్యం 40 శాతం అనే బెంచ్‌మార్క్‌కు చేరకపోయినా అవసరమున్న అభ్యర్థికి స్క్రైబ్ నిరాకరించకూడదని చెప్పింది. వాదించడానికి అది బలమే. కానీ పదో తరగతి హాల్ టికెట్ చేతికొచ్చాక వాదన మొదలుపెట్టే విషయం కాదు.

ఏడో తరగతి వేరు. అందులో జరిగే టెస్టులు స్కూలువి. పేపరును రెండుగా చింపి ఇవ్వడానికి, నోట్సు జిరాక్స్ ఇవ్వడానికి, సీటు మార్చడానికి ఏ బోర్డు అనుమతీ అక్కర్లేదు. ప్రిన్సిపాల్ సంతకం చాలు. ‘సర్టిఫికెట్ తెండి, అప్పుడు చూద్దాం’ అనే స్కూళ్లు ఈ రెండింటినీ కలిపేస్తున్నాయి.

అమెరికా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలకు ఇది మరీ కష్టంగా ఉంటుంది. అక్కడ 1973 రిహాబిలిటేషన్ చట్టం సెక్షన్ 504 కింద, ఏడీహెచ్‌డీ వల్ల చదువు బాగా దెబ్బతింటున్న పిల్లలకు ప్లాన్ హక్కుగా వస్తుంది. ఆ కాగితం తెచ్చి ఇక్కడి స్కూల్లో పెడితే దానికి చట్టబలం లేదు. అయినా పారేయకండి. అందులో టీచర్లు ఏటా రాసిన ‘ఏది పనిచేసింది’ అన్న భాగం కొత్త స్కూలుకు నెలల పని తగ్గిస్తుంది.

ఒక పేజీ ప్లాన్

దసరా తర్వాత రాసిన ప్లాన్‌లో మూడే అంశాలు. ఒక్కోదానికి ఎదురుగా ఒక మనిషి, ఒక సమయం, ఒక కొలత.

మొదటిది నోట్సు. సోషల్ టీచర్ రాయించే 25 లైన్ల నోట్సును టైప్ చేసి, దాదాపు రెండు వాక్యాలకు ఒక ఖాళీ చొప్పున వదిలారు. స్టాఫ్ రూములో దాని పేరు ఖాళీల నోట్సు. ఖాళీ ఎక్కడ పెట్టాలన్నది చూడ్డానికి చిన్న విషయం, ప్లాన్ నిలబడేదీ పడిపోయేదీ అక్కడే. మొదటి వారం టీచర్ ఒక పేజీకి మూడే ఖాళీలు పెట్టారు. అమ్మాయి అవి మొదటి ఐదు నిమిషాల్లో టెక్స్ట్‌బుక్ చూసి నింపేసి కిటికీ వైపు తిరిగింది. రెండో వారం 22 పెట్టారు. మళ్లీ పాత కథే, సగంలో ఆగింది. పన్నెండు దగ్గర కుదిరింది. ఖాళీలో రావాల్సింది పాఠంలో కీలకమైన మాట, తేదీ, లేదా కారణం. ‘ది’, ‘ఈజ్’ లాంటివి ఖాళీ పెడితే వినాల్సిన పని ఉండదు. చివరి ఖాళీ కింద నాలుగు లైన్లు ఊరికే వదలాలి: పాఠంలో ఒక విషయాన్ని సొంత మాటల్లో రాయడానికి.

సోషల్ టీచర్ అభ్యంతరం ఊహించినదే: “ఒక్కదానికే ఇస్తే మిగతా పిల్లలు ఊరుకుంటారా మేడం? అందరి ముందు దానికీ చిన్నతనంగా ఉంటుంది.” రెండూ న్యాయమైన మాటలే. సెక్షన్ మొత్తానికి ఇచ్చారు. 38 కాగితాలు, వారానికి రెండుసార్లు. జిరాక్స్ ఖర్చు స్కూలుది. నోట్సు రాయించడానికి పట్టే 25 నిమిషాలు 12కి దిగాయి, మిగిలిన సమయంలో టీచర్ ప్రశ్నలు వేయగలిగారు. ఆమె ఇప్పుడు ఎనిమిదో తరగతి సెక్షన్‌కు కూడా అదే వాడుతున్నారు. నిజం చెప్పాలంటే మొదటి నెల పాఠాలు టైప్ చేయడం మాత్రం భారమే, దానికి స్కూల్ ఆఫీసులో ఒకరిని ఇస్తే గానీ సాగలేదు.

రెండోది డైరీ. ఇక్కడ పిల్లను మార్చడానికి ప్రయత్నించలేదు, హోంవర్క్ రాసే సమయాన్ని మార్చారు. టీచర్ క్లాసులోకి రాగానే, పాఠానికి ముందే, బోర్డు కుడి మూల గీసిన డబ్బాలో హోంవర్క్ రాస్తారు. అది పీరియడ్ అంతా అక్కడే ఉంటుంది. ఆఖరి పీరియడ్ చివర మూడు నిమిషాలు క్లాస్ టీచర్ ఈ అమ్మాయి దగ్గరికి వచ్చి రెండే చూస్తారు: డైరీలో ఆ రోజు సబ్జెక్టులన్నీ ఉన్నాయా, ఆ పుస్తకాలు బ్యాగులోకి వెళ్లాయా. చూసి ఇనీషియల్ వేస్తారు. డైరీ నింపమని పక్క పిల్లకు అప్పగించే పద్ధతి చాలా చోట్ల ఉంది. రెండు వారాలు బాగుంటుంది, మూడో వారానికి ఆ పిల్లే రాసిచ్చేస్తుంది, లేదా చిన్న టీచరమ్మ అయి కూర్చుంటుంది. పెద్దవాళ్లే చూడాలి.

మూడోది పరీక్ష పేపరు. అదే ప్రశ్నలు, అదే మార్కులు, అదే 90 నిమిషాలు, రెండు కాగితాలుగా. మొదటి కాగితంలో 20 మార్కులు, తలమీద ‘10:40కి ఇచ్చేయాలి’ అని పెన్నుతో. అది ఇస్తేనే రెండోది. ఇవ్వడానికి అమ్మాయి లేచి టేబుల్ దగ్గరికి నడిచి వెళ్లాలి. ప్లాన్‌లో ‘విరామం’ అన్న మాట లేకుండానే విరామం దొరికింది. ఇన్విజిలేటర్‌కు రాతపూర్వకంగా ఒకే సూచన: 15 నిమిషాలకోసారి బెంచీ అంచున వేలితో రెండుసార్లు తట్టండి, పేరు పిలవొద్దు. సీటు ముందు బెంచీ నుంచి రెండో వరుస గోడవైపుకు మారింది, టీచర్ తిరిగే దారి పక్కన, తలుపుకు దూరంగా.

కార్డు

వీటి పైన డైరీలో బుక్‌మార్క్ సైజు కార్డు ఒకటి. సోషల్, సైన్స్, హిందీ, ఇంగ్లిష్ నాలుగు పీరియడ్‌లు, ఒక్కో పీరియడ్‌కు మూడు గళ్లు: రెండు నిమిషాల్లో పని మొదలుపెట్టింది, ఇచ్చిన పని పూర్తి చేసింది, హోంవర్క్ డైరీలో ఎక్కించుకుంది. రోజుకు 12. ఏ బహుమతీ లేకుండా మొదటి ఐదు రోజులు ఊరికే నింపితే సగటు 4 వచ్చింది. కాబట్టి మొదటి లక్ష్యం 6. తండ్రి 10 పెట్టమన్నారు. 10 పెడితే మొదటి వారం ఐదు రోజులూ ఓడిపోతుంది, రెండో వారానికి కార్డు బ్యాగు అడుగున చేరుతుంది. ఐదింట నాలుగు రోజులు అందుకుంటే ఒకటి పెంచాలి, అంతే. ఎనిమిదో వారానికి లక్ష్యం 9కి చేరింది.

బహుమతి ఇంట్లో, ఆ రోజు సాయంత్రమే: అరగంట ట్యాబ్ మీద బొమ్మలు వేసుకోవడం, లేదా మర్నాడు టిఫిన్ ఏంటో తనే చెప్పడం. ఆదివారం సినిమాకు తీసుకెళ్తామన్నది మొదట ఇంట్లోవాళ్ల ఆలోచన. సోమవారం చేసినదానికి ఆదివారం ఫలితం ఈ పిల్లలకు మరీ దూరం.

కార్డు పాడైన తీరులు కూడా రాయాలి. మూడో వారం సైన్స్ టీచర్ నాలుగు రోజులవి శుక్రవారం కూర్చుని జ్ఞాపకం మీద నింపారు. ఆ వారం అంకెలు కొట్టేశారు. ఐదో వారం ఇంట్లో ఎవరో కార్డు వెనక ‘గది సర్దలేదు, తమ్ముడితో గొడవ’ అని రాసి పంపారు. కార్డులో మైనస్ మార్కులకు చోటు ఇస్తే అది కంప్లైంట్ పుస్తకమైపోతుంది. కార్డు పోయిన రోజులు ఎనిమిది వారాల్లో ఏడు. పోగొట్టుకోవడం ఈ సమస్యలో భాగమే కాబట్టి తిట్టు లేదు, క్లాస్ టీచర్ డ్రాయర్‌లో ఎప్పుడూ ఖాళీ కార్డుల కట్ట ఉంటుంది.

మందు సంగతి

తల్లిదండ్రులు మొదట మందుకు ఒప్పుకోలేదు, డాక్టర్ తొందరపెట్టలేదు. దానివల్ల ఈ ఎనిమిది వారాల మార్పును మందుకు ముడిపెట్టే పని లేకుండా పోయింది. సంక్రాంతి తర్వాత రివ్యూలో ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ మొదలైంది. అక్కడ స్కూల్ చేసిన సాయం ఒకటుంది. మామూలు టాబ్లెట్ ప్రభావం 3 నుంచి 4 గంటలు. ఉదయం 7:30కి వేస్తే భోజనం గంటకు ముందే అయిపోతుంది. సోషల్ పీరియడ్ మధ్యాహ్నం 1:20కి. పీరియడ్‌వారీ కార్డు చూపిస్తే గానీ ‘మందు పనిచేయట్లేదు’ అన్న మాట వెనక ఈ గడియారం లెక్క డాక్టర్‌కు కనిపించలేదు. డోసు, రకం ఆయన నిర్ణయం. స్కూల్ గంటలవారీ సమాచారం పంపడం దగ్గర ఆగాలి. ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి నియంత్రణ ఉన్న జాబితాలోది: ప్రిస్క్రిప్షన్ రెండు కాపీలు ఉండాలి, ఒకటి మెడికల్ షాపు దగ్గరే ఉండిపోతుంది, అన్ని షాపుల్లో దొరకదు. చివరి టాబ్లెట్ దాకా ఆగకుండా వారం ముందే చూసుకోవాలని ఇంట్లోవాళ్లకు చెప్పాలి. ఆకలి తగ్గుతుంది కాబట్టి లంచ్ బాక్స్ ఎంత తిరిగొస్తోందో క్లాస్ టీచర్ ఒక కన్నేయడం మంచిది. కడుపునిండా టిఫిన్ టాబ్లెట్‌కు ముందే.

మందు మొదలయ్యాక పనిలో ఉండే సమయం ఇంకా పెరిగింది. డైరీ చూసే మూడు నిమిషాలు తీసేద్దామని అప్పుడు ఒక ప్రతిపాదన వచ్చింది. తీసేశారు. రెండు వారాల్లో డైరీ మళ్లీ ఖాళీ. మళ్లీ పెట్టారు.

ఎనిమిది వారాలకు ఏం మారింది

మందుకు ముందు, డిసెంబర్ మధ్యలో తీసిన లెక్కలు. సోషల్‌లో 80కి 34 ఉన్నది 52 అయింది. పోల్చిన పిల్ల 64. నోట్‌బుక్‌లో 12 పేజీల్లో 10 పూర్తి. డైరీ పది రోజుల్లో 8. రెండు వారాల్లో ఇచ్చిన హోంవర్క్‌లు ముందు 31కి 11 చేరేవి, ఇప్పుడు 29కి 22. డిసెంబర్ పీరియాడిక్ టెస్టులో అదనపు సమయం లేకుండా, 36 మార్కులకు జవాబులు రాసింది. వచ్చింది 24.

ఆ 24 చూసి తండ్రి నిరాశపడ్డారు. పీటీఎంలో ఈ అంకెను ఎలా చూపించాలో ముందే ఆలోచించుకోవాలి. 22 మార్కులకు రాసి 17 తెచ్చుకోవడం, 36కు రాసి 24 తెచ్చుకోవడం: రాసినదాంట్లో తప్పులు పెరిగాయి. పెరగాలి కూడా. ఇన్నాళ్లూ నోట్సు లేని పాఠాల నుంచి కూడా ఈసారి ప్రయత్నించింది. ఎంత రాసింది అన్నది సపోర్ట్ ప్లాన్ కొలత, ఎంత వచ్చింది అన్నది చదువు కొలత. మొదటిది కదిలాక రెండోది కదలడానికి ఇంకో టర్మ్ పడుతుంది.

మారనివి: హిందీ. ఆ టీచర్ నవంబర్‌లో సెలవు మీద వెళ్లారు, వచ్చిన సబ్‌స్టిట్యూట్‌కు ప్లాన్ సంగతే ఎవరూ చెప్పలేదు. యాన్యువల్ డే రిహార్సల్స్ జరిగిన పది రోజులూ కార్డు సగటు 5కి పడిపోయింది. టైమ్‌టేబుల్ చెదిరిన ప్రతిసారీ ఇలాగే పడుతుంది. ఆ రోజుల్లో లక్ష్యం ముందే తగ్గించి పెట్టాల్సింది. వాటర్ బాటిల్ ఇంకోటి పోయింది.

జూన్‌కు ముందు

ఇలాంటి ప్లాన్‌లు ఎక్కువగా చచ్చిపోయేది జూన్‌లో. క్లాస్ టీచర్ మారతారు, ఫైలు కౌన్సెలర్ బీరువాలో ఉంటుంది, కొత్త టీచర్‌కు మొదటి యూనిట్ టెస్టు అయ్యాక గానీ తెలియదు. అందుకని ఏప్రిల్‌లోనే రెండు పనులు జరిగాయి. పాత, కొత్త క్లాస్ టీచర్లు పదిహేను నిమిషాలు కూర్చున్నారు; చేతులు మారింది ఆ ఒక్క పేజీ, పూర్తయిన నోట్‌బుక్ పేజీ ఒకటి, ఆగిపోయిన పేజీ ఒకటి. రెండోది, అమ్మాయి చేతే ఒక వాక్యం సాధన చేయించారు: “మేడం, నాకు పేపరు రెండు ముక్కలుగా ఇస్తారు.” ఎనిమిదో తరగతిలో అడగాల్సింది తనే.

ఫైలులో తేలకుండా మిగిలింది రాత వేగం. మందు మీద, ఖాళీల నోట్సు మీద కూడా నిమిషానికి రాసే మాటల లెక్క పెద్దగా పెరగలేదు. అది శ్రద్ధ వల్లనా, డిస్‌గ్రాఫియా (రాయడంలో ఉండే అభ్యసన లోపం) వల్లనా అన్నది ఎనిమిదో తరగతి మొదటి టర్మ్‌లో మళ్లీ టెస్ట్ చేయించాలి. డిస్‌గ్రాఫియా అని తేలితే అది చట్టంలోని 21 వైకల్యాల్లో స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ కింద ఉన్నదే. సర్టిఫికెట్ కాగితాలు తొమ్మిదో తరగతి రిజిస్ట్రేషన్ లోపు చేతికి రావాలి. రీటెస్ట్ తేదీ సెప్టెంబర్ రెండో వారానికి రాసి ఉంది, బాధ్యత గడిలో స్పెషల్ ఎడ్యుకేటర్ పేరు.